మైనస్ అంటే బ్రేకు

లిఫ్టు మూడో అంతస్తుకీ నాలుగో అంతస్తుకీ మధ్య ఆగిపోయింది. అందులో బ్రేకమ్మ ఉంది. బ్రేకమ్మ అదృష్టం ఎంత గొప్పదంటే, ఆమెతో పాటు ఇరుక్కున్న ఒకే ఒక్క మనిషి ఫిజిక్సు సారు.

ఆ పేరు పెట్టింది క్లాసు పిల్లలు. మైనస్ త్వరణం అంటే ఏమిటని ఎవరడిగినా, నిద్రలో లేపి అడిగినా, "బ్రేకు వెయ్యడం" అంటుంది. ఆ ఒక్క మాటకే రెండుసార్లు తప్పింది. ఇవాళ పదింటికి అయిదో అంతస్తులో ఆఖరి మౌఖిక పరీక్ష. ఇదీ పోతే ఏడాదంతా మళ్లీ మొదటి నుంచి చదవాలి.

లిఫ్టు ఎంత ఇరుకంటే, సారు ఊపిరి పీల్చినప్పుడల్లా ఆమె వదలాల్సి వస్తోంది.

"పదయింది," అన్నాడు సారు గడియారం చూసి. "ఇక్కడే కానిచ్చేద్దామా అమ్మాయ్?"

"రిజిస్టరు పైనుంది కదా సార్."

"సంచిలో ఉందిలే."

బ్రేకమ్మ నాలుగు గోడల్నీ చూసింది. అవి నాలుగే ఉన్నాయి.

"పై దిక్కు ప్లస్ అనుకో. లిఫ్టు కిందికి బయల్దేరి వేగం పుంజుకుంటోంది. త్వరణం ప్లస్సా, మైనస్సా?"

"వేగం పెరుగుతోందిగా సార్. ప్లస్."

సారు పెన్ను మూత తీశాడు. సరిగ్గా అప్పుడే పైనుంచి మెకానిక్ గొంతు వినిపించింది.

"చేత్తో బ్రేకు వదుల్తున్నా. కిందికి దిగుతుంది. గోడ పట్టుకోండి."

"ఇక్కడ పట్టుకోడానికి ఇంకేముంది నాయనా," అన్నాడు సారు.

లిఫ్టు జారింది. బ్రేకమ్మ కిందికెళ్లింది గానీ, ఆమె కడుపు మాత్రం పై అంతస్తులోనే ఉండిపోయింది.

"మైనస్ సార్," అంది గోడకి బల్లిలా అతుక్కుని.

"వేగం పెరుగుతోందిగా?"

"పెరిగితే పెరగనీండి. త్వరణం కిందికుంది. కిందికంటే మైనస్. వేగం పెరిగిందా తగ్గిందా అన్నది ఆ గుర్తుకి అనవసరం సార్, ఎటువైపన్నదే దాని గొడవ."

మెకానిక్ బ్రేకు వేశాడు. ఎవరో సిమెంటు బస్తా నెత్తిన పెట్టినట్టు ఆమె మోకాళ్లు వంగిపోయాయి.

"మరిప్పుడు?"

"ఇప్పుడు త్వరణం పైకుంది. ఆగుతోంది గానీ ప్లస్సే. బ్రేకు కూడా ప్లస్సవుతుంది సార్."

రెండుసార్లు తప్పినా నోట రాని మాట అది. సారు రిజిస్టరు తీసి, దాన్ని ఆమె వీపు మీదే ఆనించి, పాస్ అని రాసేశాడు.

తలుపు జానెడు తెరుచుకుంది. అవతల ఇటుక గోడ. లిఫ్టు ఈసారి రెండో అంతస్తుకీ మూడో అంతస్తుకీ మధ్య ఆగింది.

"పాసయ్యావు కాబట్టి భయం లేదు," అన్నాడు సారు హాయిగా. "సరదాకి ఇంకో లెక్క అడగనా?"

బ్రేకమ్మ రెండు చేతులతో తలుపు బాదడం మొదలుపెట్టింది.