తిప్పమన్న మాట

అన్న పోయిన పద్నాలుగు నెలలకు వదిన అతని కారును లాగుడు బండికి కట్టించుకుని, కార్లు బాగుచేసే మేస్త్రి అయిన మరిది షెడ్డుకొచ్చింది. వెనక సీట్లో పాత తువ్వాల్లో చుట్టిన టర్బో ఉంది. బండికి ఊపు పెంచాలని పాత సామాన్ల బజారంతా గాలించి అన్న కొని పెట్టుకున్నది. ఆ కారు మీద కిరాయికి మూడు లక్షల పాతిక వేల కిలోమీటర్లు తిరిగాడు మనిషి. కొండ దారిలో లారీలు కూడా దాటిపోతున్నాయిరా, హారను కొట్టి మరీ పోతున్నాయి అని వాపోయేవాడు. ఆస్పత్రి మంచం మీద కూడా అదే ధ్యాస. పెడతావు కదరా అని అడిగితే మేస్త్రి తలూపాడు.

"ఆయన అనుకున్నట్టే పెట్టు చిన్నోడా. ఇంజను మాత్రం ఇదే ఉండాలి," అంది వదిన. యాభై దాటినా ఆమెకు మేస్త్రి చిన్నోడే.

పక్క షెడ్డు పెయింటరు తొంగి చూశాడు. "ఇంత తిరిగినదానికి టర్బోనా? బండి ముందుకెళ్తుంది, ఇంజను వెనకాలే ఉండిపోతుంది."

"నీ బ్రష్షు ఎండిపోతోంది, చూసుకో," అన్నాడు మేస్త్రి.

టర్బో అంటే ఇంజనుకు గాలిని బలవంతాన మింగించడం. ముందు దాని ఒళ్ళు గట్టిదో కాదో చూడాలి. ప్లగ్గులు విప్పి, ఒక్కో సిలిండరుకూ గాలి ఒత్తిడి చూపే మీటరు బిగించి ఇంజను తిప్పి చూశాడు. నూట డెబ్బై రావాల్సిన ముల్లు నూటపది దగ్గరే ఆగిపోయింది. మూడోదానికైతే తొంభై ఐదు. ఒక్కో చెంచా నూనె పోసి మళ్ళీ చూశాడు. నూట యాభై దాటింది. నూనె పోస్తే లేచిందంటే గాలి పిస్టను పక్కనుంచే జారిపోతున్నట్టు.

మేస్త్రికి నమ్మబుద్ధి కాలేదు. అన్న మంచం పట్టకముందు తానే చూశాడు, నూట అరవైకి తగ్గలేదు. కింద బోల్టు వదులు చేసి నూనె దించాడు. నీళ్ళలా కారింది. వేలికి రాసుకుని వాసన చూస్తే గుప్పున పెట్రోలు.

"వదినా, బండిని ఏం చేశావు?"

"ఏం చేస్తాను? నువ్వు చెప్పిందే. ఊరికే పెట్టకు, రోజూ కాసేపు తిప్పు అన్నావు కదా ఫోన్లో. రోజూ తెల్లారగానే తాళం తిప్పి అయిదు నిమిషాలు ఉంచి ఆపేసేదాన్ని. ఒక్క రోజూ మానలేదు. జ్వరమొచ్చినా మానలేదు."

మేస్త్రి నూనె డబ్బా పక్కకు జరిపాడు. మళ్ళీ యథాస్థానానికి జరిపాడు. తిప్పమంటే రోడ్డు మీద తిప్పమని. నడపడం రాని మనిషితో ఆ మాటెలా అన్నాడో. వేడెక్కకుండానే ఆపేస్తే కాలని పెట్రోలు గోడల మీది నూనెను కడిగేస్తుంది. నాలుగు వందల పొద్దులు కడిగింది.

"అరిగిపోయింది వదినా. మూడు లక్షలు తిరిగింది కదా," అన్నాడు.

ఆమె అతని వేలి వంక చూసింది. "నూనె వాసన చూసి నీ మొహం మారిపోయింది. నావల్లేనా?"

"నావల్ల. నడిపించమని చెప్పాల్సింది. తిప్పమన్నాను."

ఆమె మెల్లగా అంది, "నడిపించమని చెప్పి ఉంటే ఎవరికైనా తాళం ఇచ్చేసేదాన్ని. ఆ అయిదు నిమిషాలూ నేను వంటింట్లోకి వెళ్ళిపోయేదాన్ని. అక్కణ్ణించి వింటే ఆయన కిరాయికి బయల్దేరుతున్నట్టే ఉండేది."

మేస్త్రి స్పానర్లు అందుకున్నాడు. మధ్యాహ్నానికి ఇంజను మూత పైకి లేపి పక్కన పెట్టాడు. ఆమె వెళ్ళకుండా స్టూలు మీదే కూర్చుంది. మూడో సిలిండరు గోడలు అద్దంలా నున్నగా ఉన్నాయి, అక్కడక్కడ నిలువు గీతలు. పై అంచు దగ్గర గోరుకు తగిలే సన్నటి మెట్టు.

"ఇక్కడ చెయ్యి పెట్టు. ఈ మెట్టు అన్నయ్య తిరిగిన తిరుగుడు," అన్నాడు.

ఆమె గోరుతో మెట్టును తడిమింది. వేలు కిందికి జారింది. "ఈ గీతలు నావి."

"ఇదే ఇంజనుకు టర్బో పెట్టొచ్చు వదినా. కానీ బోరింగుకు పంపాలి. గోడలు కోసి, పెద్ద పిస్టన్లు వేయాలి. మెట్టూ పోతుంది, గీతలూ పోతాయి. చప్పుడు కూడా ఇదివరకులా ఉండదు."

"పంపకపోతే?"

"టర్బో పెట్టలేం. ఇలాగే ఇంకో ఏడాది మోగుతుందేమో."

ఆమె సిలిండరులోంచి వేలు తీయలేదు. బయట పెయింటరు డబ్బా మూత కొడుతున్నాడు.

"ఆయన నిన్ను ఏమడిగాడు?"

"పెడతావు కదా అన్నాడు."

"మరి పంపించు," అంది. లేచి, నల్లబడ్డ వేలిని చీర కొంగుకు తుడుచుకోకుండా అలాగే పట్టుకుని బస్సు కోసం రోడ్డు మీదికి నడిచింది.