మూడుసార్లు ఏకిన దూది

కింద దుకాణంలో దూది ఏకే మిషను ఆగిందంటే అతను పైకి వస్తున్నట్టు. ఆమె వెంటనే తలుపు మూసేస్తుంది. పెరట్లో కుళాయి చప్పుడయ్యాక గానీ తెరవదు. తలా ఒళ్లూ కడుక్కుని, బట్టలు మార్చుకున్నాకే అతను కొడుకుని ఎత్తుకోవాలి. ఈ ఏర్పాటు ఆమెదే.

పిల్లవాడికి రెండేళ్లు నిండాయి. నిద్రలో వాడి ఛాతీలోంచి సన్నటి ఈల వినిపిస్తుంటే మొదట్లో అత్తగారు నవ్వేవారు, "పిల్లిని మింగాడేమో నా మనవడు, లోపల్నుంచి కూస్తోంది" అని. పక్కటెముకల మధ్య చర్మం లోపలికి పీక్కుపోవడం చూసిన రోజు నుంచి ఆవిడ ఆ మాట అనలేదు.

ఆమె చీపురు పక్కన పెట్టేసి ఇల్లంతా తడిగుడ్డతో తుడవసాగింది. కర్టెన్లు తీసేసింది. డాక్టరమ్మ ఇచ్చిన రోజువారీ ఇన్‌హేలర్ పఫ్‌ను మాస్కు గొట్టానికి తగిలించి, వాడి ముఖానికి అదిమి పీల్పించడం ఒక్క పూటా తప్పనివ్వలేదు. ఆయాసం వచ్చినప్పుడు వాడే నీలం పఫ్‌ను కొంగున ముడేసుకున్నట్టు వెంట ఉంచుకునేది. అయినా తెల్లవారేసరికి ఈల.

డాక్టరమ్మ అంతా విని, వాడు దేనిమీద పడుకుంటాడని అడిగింది. అతని ముఖం విప్పారింది.

"నేనే కుట్టానండీ. మెత్తగా రావాలని మూడుసార్లు ఏకాను. అలాంటి పరుపు ఇంకెవరికీ కుట్టలేదు."

ఎంత ఏకితే అంత సన్నటి నూగు లేస్తుందని, వాడు దొర్లినప్పుడల్లా అది గుడ్డలోంచి బయటికొస్తుందని డాక్టరమ్మ నెమ్మదిగా చెప్పింది. అతను తన చేతులవంక చూసుకున్నాడు.

ఆ సాయంత్రమే పరుపు విప్పి, దూదిని దుకాణంలోని గోనెలో కలిపేశాడు. పిల్లవాడు దుప్పటి మడతలమీద పడుకోవడం అలవాటు చేసుకున్నాడు. కొన్నాళ్లు ఈల తగ్గింది. చలి మొదలవగానే మళ్లీ వచ్చింది, ముందుకన్నా గట్టిగా. ఈసారి డాక్టరమ్మ ఇల్లు మారమంది.

ఇల్లూ దుకాణమూ ఒకే అద్దె. అతనికి చేతనైంది దూది పని ఒక్కటే. ఫోమ్ పరుపుల దుకాణానికి వెళ్లి పని అడిగితే, అవి కుట్టేవి కావు, మోసేవాళ్లు ఉన్నారు అన్నారట.

"పోనీ, నువ్వు వాణ్ణి తీసుకుని ఎటైనా వెళ్లు" అన్నాడు.

"ఎటు?" అందామె.



ఒక మధ్యాహ్నం కుళాయిలో నీళ్లు రాలేదు. ఆమె తలుపు తీసి అతని కంచం గుమ్మం దగ్గరే పెట్టింది. అతను వచ్చి బయటే నిలబడ్డాడు, కనుబొమలమీద తెల్లటి నూగుతో. పిల్లవాడు చూశాడు. ఎక్కడ పరుగెత్తి వెళ్తాడోనని ఆమె వాడి చొక్కా పట్టుకోబోయింది. వాడు వెళ్లలేదు. బుడిబుడి నడకతో అలమార దగ్గరికి పోయి, కింది అరలోంచి మాస్కు గొట్టం తెచ్చి, తనే ముఖానికి అదుముకుని, నాన్నవంక చూస్తూ కూర్చున్నాడు.

"చూశావుట్రా, వాడి తెలివి..." అంటూ అత్తగారు నవ్వబోయి ఆగిపోయారు.

అతను మెట్లు దిగిపోయాడు. ఆమె పిల్లవాడి వీపుకి చెవి ఆనించింది. ఈల అప్పటికే మొదలైంది. నీలం పఫ్ ఊపి గొట్టానికి తగిలిస్తుండగా కింద మిషను మోగింది.