ఇవాళ పుట్టిన బిడ్డకు మొలతాడా?

నేను ఒక నోటుబుక్కుని. రెండు వందల పేజీలు, నీలం అట్ట, వెనక అట్ట మీద ఎక్కాలు. ఆ ఎక్కాల్లో ఇప్పుడు పన్నెండో ఎక్కం దాకానే మిగిలింది. మిగతావి ఎలుక చదువుకుంది.

పాత కాగితాలు నానబెట్టి, గుజ్జు చేసి, ఆరబెట్టి నన్ను తయారుచేశారు. పోయిన జన్మలో నేను ఎవరి పెళ్లిపత్రికనో, ఏ ఓడిపోయిన నాయకుడి కరపత్రాన్నో. అందుకే మళ్లీ ఆ గుజ్జు తొట్టిలోకి పోవడమంటే నాకు వణుకు. ఈ మాట గుర్తు పెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

సిరిసిల్లలో బడి ఎదుట ఉన్న కొట్టులో రవళి నన్ను కొన్నది. అప్పుడామె తొమ్మిదో తరగతి. అట్ట మీద 'వి. రవళి, సాంఘికశాస్త్రం' అని రాసి, రవళి కింద రెండు గీతలు గీసింది. నలభై ఆరో పేజీలో 'నదుల వలన కలుగు లాభాలేవి?' అన్న ప్రశ్నకు మూడు లాభాలు రాసి ఆగింది. దసరా సెలవులకు ముందు సార్ దిద్దుతూ ఎర్ర సిరాతో 'అసంపూర్తి. పూర్తిచేసి చూపించు' అని రాశారు. ఆ సెలవుల్లోనే వాళ్లమ్మకు నడుము పడిపోయింది. బీడీలు చుట్టడానికి ఇంట్లో ఇంకో జత చేతులు కావలసి వచ్చాయి. బడి తెరిచారు గానీ రవళి సెలవులు మాత్రం అయిపోలేదు. సార్ ఆ జవాబు కోసం ఎదురుచూశారో లేదో నాకు తెలియదు. నేను చూశాను.

ఆ తర్వాత నా చదువు రకరకాలుగా సాగింది. వాళ్లమ్మ నాతో పొయ్యి విసిరింది. నాన్న రెండు పేజీలు చింపి పల్లీలు పొట్లం కట్టాడు. పెళ్లయ్యాక రవళి బట్టల పెట్టె అడుగున పరుచుకుని అత్తగారింటికి వచ్చాను. కింద కాగితం ఉంటే చీరలకు చెమ్మ పట్టదట. మనుషులు చదువును వదిలేస్తారు గానీ కాగితాన్ని ఊరికే వదలరు.

ఇప్పుడు రవళికి ఇరవై మూడేళ్లు, ఏడు నెలల కొడుకు రుత్విక్. భర్త వేణు మరమగ్గాల కార్ఖానాలో పొద్దున పోతే చీకటి పడ్డాకే వస్తాడు. ఇంట్లో మిగిలేది రవళి, పిల్లవాడు, అత్త కనకవ్వ, ఒక టీవీ. రవళికి భయమెక్కువ. పిల్లవాడు నిద్రపోతే ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి చూస్తుంది. రోజుకు రెండుసార్లు మొలతాడు కింద వేలు దూర్చి బిగుసుకుందేమో చూస్తుంది. "దారం అరిగి తెగిందాక చూడు," అని కనకవ్వ ఎకసెక్కం.

ఆ ఇంట్లో భయం లేని అరగంట ఒక్కటే, సాయంత్రం ఏడున్నరకు వచ్చే 'రెండు ఊయలలు' సీరియల్. దానికి ఫోన్లో ఒక అభిమానుల గ్రూపు ఉంది, నలభై వేల మంది. కథలో ఎవరు మంచి, ఎవరు ముంచేవాళ్లు అని పొద్దస్తమానం కొట్లాడుకుంటారు. రవళి వాళ్ల మాటలు చదివి ఒక్కతే నవ్వుకునేది. తనూ ఒక మాట అనాలని, ఎవరైనా 'ఔను' అనాలని ఆమెకు ఎంత ఆశో ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు.

ఆ గ్రూపు నడిపే శాంభవి గారిది కఠినమైన పద్ధతి. ఏ పోస్టయినా ఆవిడ ఒప్పుకుంటేనే బయటికి వస్తుంది. మూడుసార్లు తిరస్కరిస్తే మనిషినే తీసేస్తారు. రవళివి అప్పటికే రెండు పోయాయి. మొదటిది రుత్విక్ పంపాడు, ఇంటి కప్పు ఫొటో, దాని కింద పదకొండు 'ళ'లు. రెండోది గులాబీ పువ్వుతో శుభోదయం. శుభోదయాలు అక్కడ నిషేధమని పాపం ఆమెకు తెలియదు. ఇక మిగిలింది ఒక్కటే అవకాశం.

ఆ వారం సీరియల్‌లో పాత కథ చూపించారు. ఇద్దరు తోడికోడళ్లు వైదేహి, తులజ ఒకే ఆసుపత్రిలో ఒకే రోజు కన్నారు. తులజ కొడుకు గంట ముందు పుట్టాడట, కాబట్టి వాడే పెద్ద వారసుడట. నర్సు తులజ బిడ్డను గుడ్డ విప్పి చూపించింది, రెప్పపాటు సేపు. అదే సమయానికి రవళి వేలు రుత్విక్ మొలతాడు కింద ఉంది.

"అత్తమ్మా! చూశిన్రా? ఆ పోరనికి మొలతాడున్నది!"

"ఉంటే ఏందే? మొగపోరడు మొలతాడు లేకుంట ఉంటడా?"

"ఇప్పుడే పుట్టిండంటున్రు గద. మనోనికి మీరెప్పుడు కట్టిన్రు?"

"ఇరవయ్యొకటో దినం, తొట్టెల నాడు." బియ్యం ఏరుతున్న కనకవ్వ చేయి ఒక్క క్షణం ఆగింది. మళ్లీ కదిలింది. "సీరియలోళ్లకు గవన్ని ఎర్కుంటయా? నీకు పోరడు తుమ్మితె అనుమానం, తుమ్మకపోతె అనుమానం."

మర్నాడు పిల్లవాడు పడుకోగానే రవళి పెట్టె అడుగు నుంచి నన్ను తీసింది. ఫోన్లో రాస్తే వేలు తగిలి పోతుందని భయం, నాలో అయితే కొట్టేసుకోవచ్చు. తొమ్మిదేళ్ల తర్వాత నలభై ఏడో పేజీ మీద కలం ఆనింది. నాకు చక్కిలిగింత పుట్టింది. ఏడుసార్లు రాసింది, ఆరుసార్లు కొట్టేసింది. ఏడోది ఇది:

'అందరికీ నమస్కారం. తులజ బిడ్డ నడుముకు నల్ల మొలతాడు ఉంది. మా దిక్కు ఇరవయ్యొకటో రోజు, తొట్టెలలో వేసే నాడు కడతారు. ఇవాళ పుట్టిన బిడ్డకు మొలతాడు ఎవరు కట్టారు? ఆ బిడ్డ ఆ రోజు పుట్టలేదు. తులజ కనలేదు. ఎక్కడి నుంచో తెచ్చింది.'

దాన్ని చూసుకుంటూ ఫోన్లో కొట్టి పంపింది. సాయంత్రానికి శాంభవి గారు ఒప్పుకున్నారు. రవళి గెంతబోయి, పిల్లవాడు లేస్తాడని ఆగిపోయింది.

ఆ సంబరం పది నిమిషాలు. 'సీరియల్ సింహం' అనే పేరుతో ఒకాయన వచ్చాడు. "డైరెక్టర్ పొరపాటును పట్టుకుని డిటెక్టివ్ అయిపోయారా అక్కా? పొయ్యి మీద అన్నం మాడుతోందేమో చూసుకోండి." దాని కింద నవ్వుల వరద. ఇంకొకావిడ "మావైపు పదకొండో రోజే బారసాల" అంది. రవళి నాలో రాసుకుని బదులిచ్చింది: "పదకొండైనా ఇరవయ్యొకటైనా, పుట్టిన రోజున ఎవరూ కట్టరు గదండీ."

సింహం ఊరుకుంటుందా? "శుక్రవారం వారసుడెవరో తేల్చే కోర్టు సీనుంది, నర్సు సాక్ష్యం. మీ మాట తప్పయితే గ్రూపు వదిలి వెళ్లిపోతారా?"

రవళి నా వైపు చూడనైనా చూడలేదు. నేరుగా ఫోన్లో కొట్టింది: "పోతా."

నాలో రాసుకోకుండా ఆమె పెట్టిన మొదటి మాట అది. నాకు చిన్నతనంగానూ అనిపించింది, గర్వంగానూ అనిపించింది.

కానీ ధైర్యం గంటసేపే నిలిచింది. నవ్వు బొమ్మలు మూడు వందలు దాటాక, "ఎందుకొచ్చిన రాతలు" అనుకుంటూ నన్ను తీసుకెళ్లి టీవీ కింద ఉన్న పాత పేపర్ల కట్టలో దోపేసింది. పాత పేపర్లు కొనేవాడు శనివారం వస్తాడు. కోర్టు సీను శుక్రవారం. ఒక్క సీరియల్ మీద అటు ఆమె మాట, ఇటు నా ప్రాణం. ఏ సాక్షి కోసమూ ఎవరూ నాలా ఎదురుచూసి ఉండరు.

శుక్రవారం ఏడున్నర. కట్ట అడుగు నుంచి నాకు వినబడడమే తప్ప కనబడదు. ప్రకటనలు. మళ్లీ ప్రకటనలు. చివరికి ముసలి నర్సు గొంతు వణుకుతూ వచ్చింది. "తులజమ్మ కనలేదండి. ఎక్కడి నుంచో నెల బిడ్డను తెచ్చి నా చేతుల్లో పెట్టింది. అప్పటికే వాడి నడుముకు మొలతాడు కట్టి ఉంది. విప్పడం మరిచిపోయాం."

బియ్యం చేట నేల మీద పడ్డ చప్పుడు.

"ఓ రవళీ! నువ్వు రాసిందే గదనే!" కనకవ్వ అప్పటికే వాకిట్లో ఉంది. "ఓ పక్కింటి శారదా, మా కోడలు ముందుగాలనే చెప్పింది! రాసి పెట్టింది! నాకు అప్పుడే ఎర్క!"

మనుషులకు అన్నీ అప్పుడే తెలుస్తాయి, తర్వాత.

ఫోను ఆగకుండా మోగింది. శాంభవి గారు రవళి పోస్టును గ్రూపులో అన్నిటికన్నా పైన నిలబెట్టారు. "మొలతాడక్కా, నువ్వు రచయితల కన్నా ముందున్నావు" అని ఒకరు. "మా అమ్మ ఏడుస్తోంది, మీ మాట నిజమైనందుకు" అని ఇంకొకరు. సింహం గారూ వచ్చారు. "అక్కా, మా ఇంట్లోనే అన్నం మాడింది. క్షమించు." శాంభవి గారు విడిగా రాశారు: "ప్రతి శుక్రవారం మీరే రాయాలి. మీ కంటికి ఏం కనబడితే అది."

మొలతాడు బిగిసిందా, ఊపిరాడుతోందా అని రోజంతా వెతికే కళ్లు అవి. ఆ చూపునే ఇంట్లో అనుమానం అన్నారు. నలభై వేల మంది చూడనిది దానికే కనబడింది.

రవళి కట్ట విప్పి, దుమ్ము దులిపి నన్ను ఒళ్లో పెట్టుకుంది.

శనివారం తక్కెడ వచ్చింది. కొనేవాడు పేపర్లతో పాటు గట్టు మీద ఉన్న నా మీదా చెయ్యి వేసి తూకానికి ఎత్తబోయాడు. కనకవ్వ వాడి చేతి మీద ఒక్కటిచ్చింది.

"అది జోకకు బిడ్డా. అండ్ల మా కోడలి రాతలున్నయి."

ఆ మధ్యాహ్నం రుత్విక్ నిద్రపోయాడు. రవళి వాడి ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది, మొలతాడు చూసింది. నన్ను తెరిచి, వచ్చే శుక్రవారం రాతకు ఖాళీ పేజీ వెతుకుతూ నలభై ఆరో పేజీ దగ్గర ఆగింది. ఎర్ర సిరా వెలిసిపోయి గులాబీ రంగులోకి వచ్చింది. చాలాసేపు చూసింది. తర్వాత మూడో లాభం కింద, ఈసారి రఫ్ లేకుండా, ఒక్కసారే రాసింది:

'4. నదులలో చేపలు దొరుకును.'

కింద రెండు గీతలు గీసింది. చూపించడానికి సార్ ఎక్కడున్నారో తెలియదు. నేను చూశాను.