పెద్దోడి చొక్కాలు

ఆదివారం పొద్దున్నే అమ్మ అయిదు చొక్కాలు నానబెట్టేది. ఉతికి, జాడించి, డాబా మీద దండేనికి ఆరేసి, సాయంత్రం ఇస్త్రీ చేసేది. అవి పెద్దోడివి. వాడు పదేళ్ళప్పుడు వారం రోజుల జ్వరంతో పోయాడు. పోయి పద్దెనిమిదేళ్ళయినా చొక్కాలు మాత్రం పెరుగుతూనే ఉన్నాయి. ఏడాదికింత చేతులు సాగేవి, భుజాలు వెడల్పయ్యేవి, అవసరమైతే ఇంకో గుండీ కూడా వచ్చి చేరేది. వీధిలో అదెవరికీ వింత కాదు. "ఈ ఏడు బాగా సాగాడే మీవాడు" అనేవాళ్ళు. పక్కింటావిడ తన కొడుకు యూనిఫాం కూడా ఓసారి అదే దండెం మీద ఆరేసి చూసింది. అది వెలిసిపోయిందే గానీ అంగుళం పెరగలేదు.

ఆ చొక్కాలు వేసుకునేది పెద్దోడి చెల్లెలు పండు. అన్న పోయిన నెలలో అమ్మ తిండి మానేసి గోడవైపు తిరిగి పడుకుంటే, ఎనిమిదేళ్ళ పండు వాడి చొక్కా తొడుక్కుని మంచం పక్కన నిలబడింది. అమ్మ లేచి కూర్చుంది. ఆ పూట రెండు ముద్దలు తింది. ఇంక ఆ చొక్కాలు విడిస్తే ఒట్టు. గౌన్లు పెట్టె అడుక్కి పోయాయి.

ఇప్పుడు పండు మోటార్లకి వైండింగ్ చేసే షాపులో పని చేస్తుంది. రాగి తీగ చుట్టడంలో చెయ్యి తిరిగిన మనిషి. వచ్చినవాళ్ళు "అన్నా" అని పిలిస్తే ప్రాణానికి హాయిగా ఉండేది. ఆ వెంటనే సిగ్గేసేది, పోయినవాడి సొత్తు కాజేసినట్టు. కొత్తగా చేరిన వెల్డరు ఒకరోజు టీ తాగుతూ అడిగేశాడు.

"నిన్ను అన్నా అనాలా, అక్కా అనాలా? తేల్చి చెప్పు, పిలవలేక చస్తున్నా."

"ఇంట్లో కనుక్కుని చెప్తా" అంది పండు.

అందరూ నవ్వారు. పండూ నవ్వింది గానీ, సాయంత్రం దాకా పని మీద ధ్యాస నిలవలేదు.

ఇంటికొచ్చేసరికి అమ్మ ఊడిన గుండీ కుడుతోంది. "మా పెద్దోడికి ఈ నీలం ఎంత నప్పుతుందో" అంది, రోజూ అనే మాటే.

"అమ్మా, నేనిది అన్నయ్య కోసం వేసుకోవట్లేదు."

"మరి?"

"మొదట్లో నీ కోసం వేసుకున్నా. ఇప్పుడు నా కోసమే. ఇది తీసేస్తే నేను నాలా ఉండను."

అమ్మ సూది ఆపింది. "వాడు పోబట్టి నీకిలా అలవాటైంది. వాడే ఉంటే నువ్వు నా కూతురివేగా?"

"ఏమో. వాడుంటే ఎలా ఉండేదాన్నో, ఉండేవాణ్ణో. వాడు లేడు కదమ్మా, ఎలా చెప్పను?"

"చొక్కా నీదైతే మరి వాడికేది?"



ఆ ఆదివారం అమ్మ ఎప్పట్లాగే చొక్కాలు ఆరేసింది. మధ్యాహ్నానికి అవి పదేళ్ళ పిల్లాడి కొలతకి కుంచించుకుపోయాయి. అయిదూను. అమ్మ వాటిని తీసి, మడతపెట్టి, ఒళ్ళో పెట్టుకుని మెట్ల మీద కూలబడింది.

"ఒక్క కొడుకు" అంది. "రెండుసార్లు పోయాడు నాకు."

నేనన్నది అబద్ధమమ్మా అంటే చాలు, మళ్ళీ పెరుగుతాయేమో. పండు అందామనే నోరు తెరిచింది. అమ్మ కూడా ఆశగా తలెత్తి చూసింది. మాట మాత్రం బయటికి రాలేదు. అంత ఏడుపు పండు జన్మలో ఏడవలేదు.

మర్నాడు షాపులో వేసుకునే ఖాకీ కోటు తొడుక్కుని దర్జీ దగ్గరికి వెళ్ళింది.

"చొక్కా ఎవరికి?" అన్నాడు దర్జీ.

"నాకే."

"కాస్త వదులు పెట్టమంటారా?"

"వద్దు. సరిపడా కుట్టండి. ఇది పెరగదు."

నాలుగు రోజులకి చొక్కా చేతికొచ్చింది. అక్కడే వేసుకుని ఇంటికి నడిచింది పండు. తలుపు కొడితే అమ్మ తీసింది.

"ఎవరు కావాలి బాబూ?"

ఎత్తిపొడుపు కాదు, కోపమూ కాదు. నిజంగానే గుర్తుపట్టలేదు.

"నేనేనమ్మా, పండుని."

అమ్మ చాలాసేపు చూసింది. ఆ మొహంలో, ఆ భుజాల్లో పెద్దోడి పోలిక కోసం వెతికింది. ఎక్కడా దొరకలేదు. తలుపు పట్టుకునే కాస్త పక్కకి జరిగింది.

పండు లోపలికి వెళ్ళాడు.