నిండిపాయ అన్న మాట

కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమంటారు గదా. లోయిస్ నోరు జారిన మాట ఒక్కటే. "అయ్యో, నిండిపాయ!"

ఆమె అన్నది ల్యాప్‌టాప్ సంగతి. వాళ్లవ్వ దీనమ్మ రాగులు విసురుకుంటా నేర్చుకున్న పాత దేవుని పాటలు, సగం తెలుగు, సగం కన్నడం, ఇంకెవరికీ రానివి, అన్నీ అందులో రికార్డు చేస్తా ఉండె. ఒక పాట నడుమ హార్డ్‌డిస్కులో జాగా అయిపోయి రికార్డింగు ఆగిపాయ. తొంభై దగ్గరపడిన మనిషికి నిండిపాయ అంటే ఏమని వినపడతాది? రోజులు నిండినాయనే! దీనమ్మ కొంగుతో మూతి తుడుచుకుని, "సరేలేమ్మా, అర్థమాయ. పాడింది చాలు," అనేసె.

ఆ పొద్దు నుంచి పాటా లేదు, సరిగ్గా తిండీ లేదు. "నిండింది పెట్టె అవ్వా, నువ్వు కాదు!" అని లోయిస్ ఎంత మొత్తుకున్నా, "దేవుడు ఎవరి నోటనైనా చెప్పిస్తాడు," అని నవ్వి అటు తిరిగి పడుకునేది. మొండితనంలో మనవరాలికి అవ్వే గురువు.

లోయిస్‌కు ఏడుపొచ్చె, ఆ వెనకే పంతమొచ్చె. ల్యాప్‌టాప్ చంకలో పెట్టుకుని, ఆటో ఎక్కి బ్రూస్‌పేటలో కంప్యూటరు అంగడికి పాయ. అంగడాయన దాన్ని చూసి పెదవి విరిచె.

"ముసలిదైపాయమ్మా ఇది. పారేసి కొత్తది కొనుక్కో. లేకుంటే పాతవన్నీ డిలీట్ చెయ్."

"మీ ఇంట్లో ముసలైతే పారేస్తారేందప్పా? పెద్ద హార్డ్‌డిస్కు ఒకటి ఇయ్యి. వేసుకునేది నేను చూసుకుంటా."

ఇంట్లో మొగుడు కెన్నెత్, కన్నడ బడి మేష్టరు, స్క్రూలు విప్పేకి సాయం పట్టె. పాత డిస్కు బయటికి తీసి కొత్తదాని పక్కన పెడితే రెండూ ఒక్క తీరే ఉండాయి. కలిసిపోకుండా ఆయన ఒకదాని మీద కాగితం అంటించి 'హ' అని రాసి, కాఫీ పెట్టేకి పాయ.

హ అంటే కన్నడంలో హళేది, అంటే పాతది అనుకునె లోయిస్. కాగితం లేనిదాన్ని కెన్నెత్ బడి నుంచి తెచ్చిన కంప్యూటరుకు తగిలించె. కొత్తదాన్ని ముందు శుభ్రం చేసుకుంటే గదా పాతదంతా అందులోకి ఎక్కించేది! అంతా చెరిపేయమంటావా అని తెర మీద వచ్చె. వేలు మీట మీదికి పాయ. ఎందుకైనా మంచిదని ఒక్క తూరి తెరిచి చూస్తే, దేవుడా, అవ్వ పాటలన్నీ వరసగా ఈడనే ఉండాయి!

లోయిస్ వంటింటి దిక్కు తిరిగి అరిచె. "కెన్నెత్! హ అంటే ఏందప్పా?"

"హొసది. కొత్తదని," అనె ఆయన వంటింట్లో నుంచి.

"హళేదీ హ కాదా సామీ! రెండూ ఒకే అక్షరమని మేష్టరుకు నేను చెప్పాల్నా? ఇంకొంచెముంటే అవ్వను నా చేత్తోనే చెరిపేసింటి గదా!"

లోయిస్ ఆ కాగితం పీకి, ఒకదాని మీద 'పాత', ఇంకొకదాని మీద 'కొత్త' అని తెలుగులో ఇంతింత అక్షరాలు రాసె. పాటలతో సహా పాతదంతా కొత్తదాంట్లోకి ఎక్కేదాకా ఆడనుంచి కదల్లేదు. బిగించినాక ల్యాప్‌టాప్ పలకలేదు. మళ్లా విప్పె, మళ్లా బిగించె. "నువ్వా నేనా చూస్తా," అని దాన్నీ తిట్టె. ఆఖరుకు వెలిగె.

నేరుగా అవ్వ మంచం కాడికి తీసకపాయ. తెర మీద పొడుగాటి పట్టీ. ఆ కొసన రవ్వంత నీలం, మిగతాదంతా తెలుపు.

"ఈ నీలం దాకా నీ పాటలు అవ్వా. తక్కినదంతా ఖాళీ."

దీనమ్మ లేచి కూచుని, ఆ తెలుపంతా వేలితో తడిమె.

"ఇదంతా ఎవరికమ్మే?"

"నీకే."

ముసలామె కండ్లు తుడుచుకునె.

"ఇంత జాగా పెట్టుకుని నేనెట్ల పోతాను? సగంలో నిలిచిన పాట మళ్లా మొదట్నుంచి పట్టుకుందాం. ముందు రవ్వంత సంగటి పెట్టు, ఆకలైతాంది."