రోజలిన్‌కి కొన్న గార్డు

నాకు అనుమానం ఎక్కువని మా ఇంట్లో అందరూ అంటారు. మా ఆవిడ తాయారైతే ఇంకో అడుగు ముందుకేసి, పాల ప్యాకెట్‌ని కూడా అటూ ఇటూ తిప్పి చూసే మనిషినని పక్కింటివాళ్ళకి చెబుతుంది. చెప్పనీ. ఇరవై రెండేళ్ళుగా కంచరపాలెంలో టైక్వాండో నేర్పుతున్నాను. పగలు స్టీల్ ప్లాంటులో ఉద్యోగం, సాయంత్రం రైలు పట్టాల పక్కన ఓ కల్యాణమండపం మేడ మీద క్లాసు. ఎదుటివాడు కాలు ఎత్తకముందే ఎటు తన్నబోతున్నాడో కనిపెట్టడం మా ఆటలో అసలు పని. అనుమానం లేనివాడు ఈ పనికి పనికిరాడు.

ఆ అనుమానం ఈ ఏడాది జూలైలో రోజలిన్ మీదికి మళ్ళింది.

రోజలిన్ డిగ్రీ ఆఖరి సంవత్సరం చదువుతోంది. తండ్రి శుభాకర్ పోర్టులో క్రేన్ నడుపుతాడు. ఆ పిల్లకి ఆదివారం చర్చి, మిగతా ఆరు రోజులూ నా క్లాసు. యాభై మూడు కిలోల విభాగంలో ఈమెని ఆపగలిగేవాళ్ళు జిల్లాలో లేరని నేనే పదిమందికి చెప్పుకు తిరిగాను. ఆగస్టులో సెలక్షన్లు. గెలిస్తే రాష్ట్ర జట్టులోకి వెళ్తుంది. నాలుగేళ్ళుగా ఆ పిల్ల చెమటోడ్చింది ఆ ఒక్కదాని కోసమే.

జూలై మొదట్లో సెలక్షన్ల వాళ్ళ దగ్గర్నుంచి కాగితం వచ్చింది. ఈసారి తలకి, ఛాతీకి, కాళ్ళకి, గజ్జలకి గార్డులన్నీ ఉంటేనే బరిలోకి రానిస్తారట. ఆడా మగా అందరికీ తనిఖీ ఉంటుందట. గజ్జల గార్డు అంటే మావాళ్ళకి నవ్వులాట. అందుకని కుర్రాళ్ళని కూర్చోబెట్టి గట్టిగా చెప్పాలనుకున్నాను. ముందు క్లాసులో ఉన్న ఒకే ఒక్క ఆడపిల్ల రోజలిన్‌ని పిలిచి, "నువ్వు కాసేపు బయటుండమ్మా" అన్నాను. తలుపు వేసి మొదలుపెట్టాను.

"నడుం కొలత సూసి కొనండ్రా. పరువు కోసం పెద్ద సైజు అడక్కండి. లోపల జారిపోతే అది ఉన్నా లేనట్టే. కొన్నాక పది గెంతులు గెంతండి. కదిలినా మార్సండి, అంచు గుచ్చుకున్నా మార్సండి."

వెనక వరసలోవాడు, "షాపులో గెంతితే తన్నరా సార్?" అన్నాడు. అందరూ గొల్లున నవ్వారు. నాకు ఒళ్ళు మండింది. "మొదట్లో ఇబ్బందిగానే ఉంటాది. ఓర్సుకోలేనోడు ఆట మానెయ్యొచ్చు!" అని మేడంతా దద్దరిల్లేలా అరిచాను.

ఇక రోజలిన్ సంగతి. ఆడపిల్లతో ఆ మాట ఎలా అంటాం? మర్నాడు ఆమెని దింపడానికి శుభాకర్ బండి మీద వచ్చినప్పుడు మెట్ల కింద పట్టుకున్నాను.

"అమ్మాయికి కూడా గార్డు కావాల శుభాకర్ గారూ. వన్ టౌన్‌లో దొరుకుతాది."

"ఏ గార్డు మాస్టారూ? తలకేటి?"

"అది కాదండి. అదే... నడుంకి కట్టుకునీది. షాపోడికి సెప్తే తెలుత్తాది." నేను గోడ మీద వాల్‌పోస్టర్ చూస్తూ చెప్పాను.

శుభాకర్‌కి అర్థమైంది. వెంటనే బండి అద్దం తుడవడం మొదలుపెట్టాడు. "సరే మాస్టారూ, సూత్తాను" అన్నాడు. నా బాధ్యత తీరిందనుకున్నాను.

వారం తిరక్కుండా ఆ పిల్ల ఆట మారిపోయింది. ఎదుటివాళ్ళ తల దాకా లేచే కుడికాలు నడుం దాటడం లేదు. తన్నాక ఒక్క క్షణం పళ్ళు బిగించి ఆగుతోంది. బాత్రూంలోకి వెళ్తే పది నిమిషాలకి గానీ రావడం లేదు. బ్యాగు ఎవర్నీ ముట్టుకోనివ్వదు. ఏమైందని అడిగితే, "ఏటీ లేదు సార్" అంటుంది. ఏమీ లేకపోతే కాలెందుకు లేవదు?

క్లాసు అయ్యాక మూడుసార్లు నా దగ్గరికి వచ్చి నిలబడింది. "సార్, ఒక మాట" అని తల దించుకుంది. ఎన్ని చూశాను ఇలాంటివి! ఇంకో క్లబ్బుకి వెళ్ళిపోతాను సార్, కాగితం మీద సంతకం పెట్టండి అనే పిల్లలందరూ ఇలాగే మొదలుపెడతారు. ఆ అవకాశం ఇవ్వదలచుకోలేదు. మూడుసార్లూ, "ఏదున్నా సెలక్షన్లయ్యాకే" అని మొహం తిప్పుకుని వెళ్ళిపోయాను.

ఒక సాయంత్రం రోజలిన్ మందుల షాపు దగ్గర ఆగడం చూశాను. ఆమె వెళ్ళాక నేనూ వెళ్ళి, ఏం కొన్నదని ఆరా తీశాను. నొప్పి మాత్రలు, పూత మందు అన్నాడు షాపతను. దెబ్బ తగిలితే నాకు కదా ముందు చెప్పాలి? నా దగ్గర దాచాల్సిన దెబ్బ ఏముంటుంది? ఆ పై సోమవారం క్లాసుకే రాలేదు. తగరపువలస వెళ్ళిందని తోటివాళ్ళు చెప్పారు. సెలక్షన్లలో రోజలిన్ మీద ఆడబోయే ఎవాంజలిన్‌ది తగరపువలసే. రోజలిన్‌కి పోటీ అంటూ ఉంటే ఆ అమ్మాయే.

ఇంక చెప్పేదేముంది, నాకు అంతా అర్థమైపోయింది. అవతలి క్లబ్బువాళ్ళు ఈ పిల్లని లాగేశారు. ఈసారి ఓడిపో, వచ్చే ఏడాది మా తరఫున ఆడు అని ఉంటారు. ఆ మాత్రలన్నీ దెబ్బ తగిలిందని నమ్మించడానికే. రాత్రి అన్నం దగ్గర తాయారుకి చెప్పాను.

"ఆ పిల్లని నాను అడగనా? ఆడదాన్ని, నాకైతే సెప్తాది" అంది తాయారు.

"నీకు ఆట గురించి ఏటి తెలుసు? ఊరుకో" అన్నాను.

మర్నాడు పోర్టు గేటు దగ్గర టీ బడ్డీలో శుభాకర్‌ని పట్టుకున్నాను. "మీ అమ్మాయి నా దగ్గర ఏటో దాత్తంది. తగరపువలస ఎందుకెళ్ళింది?" అని సూటిగా అడిగాను.

"మా సెల్లి పుష్పకుమారి ఉంటాదండి అక్కడ. ఆడోళ్ళ సంగతి మాస్టారూ, నాను అడగలేదు."

"కాలెందుకు లేవట్లేదో అదైనా అడిగేరా?"

"పెద్దయిన పిల్ల. నానెలాగ అడుగుతాను?" అని అటూ ఇటూ చూశాడు. "డ్యూటీకి టైమయిపోయింది మాస్టారూ, వత్తాను" అంటూ సగం టీ వదిలేసి గేటులోకి దూరిపోయాడు. తప్పు చేసినవాడు కాకపోతే మనిషి అలా పారిపోతాడా? తండ్రీ కూతుళ్ళిద్దరూ కలిసే చేస్తున్నారని రూఢి చేసుకున్నాను.

సెలక్షన్ల రోజు పొద్దున స్టేడియంలో రోజలిన్ తెల్ల డ్రెస్సు వేసుకుని తనిఖీ గది బయట వరసలో నిలబడింది. నాకు మూడు వారాల కడుపుమంట. ఆగలేకపోయాను. పక్కకి పిలిచి, "ఎవాంజలిన్ వాళ్ళు నీకేటి మాటిచ్చేరు?" అన్నాను.

"ఎవరు సార్?"

"నాటకాలొద్దు. ఓడిపోడానికే వచ్చేవని నాకు తెలుసు. నాలుగేళ్ళు నేర్పినందుకు బాగానే సేసేవు."

ఆ పిల్ల కళ్ళలో నీళ్ళు నిండాయి. అంతలో లోపల్నుంచి పేరు పిలిచారు. అరచేత్తో మొహం తుడుచుకుని వెళ్ళిపోయింది. దొరికిపోయినందుకు ఏడుస్తోందనుకున్నాను. ఆ సంగతి ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

కాసేపటికి తనిఖీ చేసే మేడమ్ బయటికొచ్చింది. ఆమె చేతిలో ఒక గార్డు ఉంది. "ఈ అమ్మాయి కోచ్ ఎవరు?" అంది. అక్కడున్న కోచ్‌లూ తల్లిదండ్రులూ అందరూ తిరిగి చూశారు.

"నేనే మేడమ్."

"ఇది మగవాళ్ళది. ఆడవాళ్ళకి వేరే ఉంటుందని మీకు తెలీదా? ఈ గట్టి డిప్ప అంచు కాలెత్తినప్పుడల్లా ఎముక మీద దిగింది. అక్కడంతా కమిలిపోయి, చర్మం లేచిపోయి ఉంది. మూడు వారాలుగా దీంతోనే ఆడుతోందట. ఇలా ఎలా వదిలేశారండీ?"

నాకు తెలుసు. ఆడవాళ్ళది వేరే ఉంటుందని తెలుసు. తెలిసే చెప్పలేదు.

లోపలికి డాక్టరమ్మ వెళ్ళి చూసింది. పుండు మానేదాకా ఆడనిచ్చేది లేదని కాగితం మీద రాసిచ్చింది. సరైన గార్డు ఇప్పుడు తెప్పిస్తాను, ఇంకోరిది అడిగి వేయిస్తాను అని బతిమాలాను. గార్డు దొరికినా ఒళ్ళు ఆడే స్థితిలో లేదంది.

రోజలిన్ వచ్చి బెంచీ మీద నా పక్కన కూర్చుంది. కొంచెం ఒరిగి కూర్చుంది. అలా ఒరిగే కూర్చుంటోందని మూడు వారాలుగా చూస్తూనే ఉన్నాను.

"నాకు సెప్పాల కదమ్మా" అన్నాను.

"సెప్దామని మూడుసార్లు వచ్చేను సార్. మీరు ఇనలేదు." నెమ్మదిగానే అంది. "నాన్న షాపులో నాకని సెప్పలేకపోయేరు. చుట్టూరా మగోళ్ళు. మీడియం సైజు ఒకటియ్యమని తెచ్చేసేరు. ఇంకో రకం ఉంటాదని నాకేటి తెలుసు? ఇబ్బందిగానే ఉంటాది, ఓర్సుకోలేనోడు మానెయ్యొచ్చని ఆ రోజు మీరన్నది బయటికి ఇనబడింది. అందరికీ ఇలాగే ఉంటాది కాబోలనుకున్నాను."

"మరి తగరపువలస?"

"అత్త దగ్గర కాపడం పెట్టించుకోడానికి సార్. అమ్మకి తెలిస్తే ఆట మానిపించేత్తాది."

మైకులో రోజలిన్ పేరు పిలిచారు. రెండోసారి పిలిచారు. మూడోసారి పిలిచినప్పుడు ఆ పిల్ల బెంచీ అంచు రెండు చేతులా పట్టుకుంది. బరిలో ఎవాంజలిన్ ఒక్కతే నిలబడింది. రిఫరీ చెయ్యెత్తి ఆమె గెలిచిందన్నాడు. ఒక్క తన్ను కూడా లేకుండా రోజలిన్ నాలుగేళ్ళు అక్కడ అయిపోయాయి. ఏడుపొచ్చింది నాకు. ఏడిస్తే ఆ పిల్లే నన్ను ఊరుకోబెట్టాల్సి వస్తుందని బిగబట్టుకున్నాను.

"తప్పు నాదే తల్లీ. పొద్దున నేనన్న మాట..."

"అది తరవాత సార్" అంది రోజలిన్. "ఏది కొనుక్కోవాలో ఇప్పుడైనా సెప్తారా?"

పక్కనే కోచ్‌లున్నారు. వెనక వరసలో తల్లులూ తండ్రులూ ఉన్నారు. శుభాకర్ మెట్ల మీద నిలబడి ఇటే చూస్తున్నాడు. నేను ఆ పిల్ల మొహంలోకి చూసి చెప్పాను. ఆడవాళ్ళది డిప్పలా ఉబ్బెత్తుగా ఉండదని, బల్లపరుపుగా, వెడల్పుగా ఉండి ఎముకనంతా కప్పుతుందని చెప్పాను. అంచుల్లో మెత్త ఉండాలని, తొడల సందున పట్టీ కోసుకోకూడదని, కాలు తల దాకా లేపినా ఎక్కడా గుచ్చుకోకూడదని చెప్పాను. షాపులో ఆడవాళ్ళదే కావాలని నోరు తెరిచి అడగాలన్నాను. మొత్తం రెండు నిమిషాలు పట్టింది.

రోజలిన్ అంతా విని, ఇంకా ఏమైనా ఉందేమోనని కాసేపు చూసింది.

"ఇంతేనా సార్?" అంది.

"ఇంతేనమ్మా" అన్నాను.