ఆది చొక్కా

అమ్మ పోయి ఏడు నెలలైంది. ఇప్పుడు ఇంట్లో మాస్టారు, నేను ఉంటున్నాం. మాస్టారంటే బడి మాస్టారు కాదు, టైలరు. వీధంతా ఆయన్ని అలాగే పిలుస్తుంది. పెళ్ళి చేసుకున్నాక కూడా అమ్మ అలాగే పిలిచేది. నాకు మాత్రం ఆయన్ని పిలవడానికి ఏ మాటా లేదు. ఎదురుగా వెళ్ళి నిలబడతాను. ఆయన తలెత్తి చూస్తే అప్పుడు చెబుతాను. మా నాన్న ఉన్నారు, కానీ ఆయనకి వేరే ఊళ్ళో వేరే పిల్లలున్నారు.

మా ముందుగది కొట్టు, వెనకగది ఇల్లు. మధ్యలో ఒక కర్టెన్. అమ్మ పోయిన మూడో రోజున మాస్టారు తన పరుపు తీసుకెళ్ళి కొట్లో బట్టలు కత్తిరించే బల్ల మీద వేసుకున్నారు. అప్పటినుంచి అక్కడే పడుకుంటున్నారు. లోపలికి రావాలంటే కర్టెన్ బయట నిలబడి దగ్గుతారు. ఆయనకి జలుబు చేసిన రోజుల్లో ఏ దగ్గు దేనికో తెలియక నేను నాలుగైదుసార్లు లేచి నిలబడేదాన్ని.

అంతకుముందు నా బట్టలకి కొలతలు అమ్మే తీసేది. లోపలినుంచి తను అంకెలు అరుస్తుంటే ఆయన బయట రాసుకునేవారు. ఈ ఏడు బడి తెరిచే ముందు కర్టెన్ బయట దగ్గు వినిపించింది.

"ఆది చొక్కా ఒకటి ఇవ్వు" అన్నారు.

ఆది అంటే కొలతకిచ్చే పాతబట్ట. పోయినేటి చొక్కా ఇచ్చాను. మాస్టారు కత్తెర పెడితే వెంట్రుకవాసి తేడా రాదు. చిక్కు అక్కడే వచ్చింది. కొత్త చొక్కాలు పోయినేటి చొక్కాకి అచ్చుగుద్దినట్టు వచ్చాయి. నేను మాత్రం పోయినేటికి అచ్చుగుద్దినట్టు లేను.

ఎక్కడ బిగుతో ఆయనకి చెప్పాలంటే చచ్చేంత సిగ్గు. అందుకని చేతులు పైకెత్తకుండా తిరగడం అలవాటు చేసుకున్నాను. క్లాసులో జవాబు తెలిసినా చెయ్యెత్తలేదు. ఎలాగూ ఎత్తేదాన్ని కాదనుకోండి.

మొన్న శనివారం ఒంటిపూట బడి. ఇంటికొచ్చేసరికి పిన్ని, అంటే అమ్మ చెల్లెలు, వెనకగదిలో నా మంచం మీద కూర్చుని ఉంది.

"ఏమే, పిన్నీ అని ఒక్క పలకరింపు లేదు. మూగనోము పట్టావా?"

"టీ పెడతాను" అని పైఅరలో గ్లాసు కోసం చెయ్యెత్తాను. చంక కింద చొక్కా పర్రున చిరిగింది.

పిన్ని లేచి వచ్చి నన్ను అటూ ఇటూ తిప్పి చూసింది. "ఎన్నాళ్ళనుంచి తిరుగుతున్నావే ఇలా? ఊపిరెలా ఆడుతోందే నీకు?"

పిన్ని దగ్గకుండానే కర్టెన్ పక్కకి లాగేసింది. మామూలుగా ఆయన్ని బావగారూ అంటుంది. కోపమొస్తే మాస్టారూ అంటుంది.

"ఏం మాస్టారూ! ఊరందరికీ కుడతారు, ఇంట్లో పిల్లకి ఒంటికి పట్టే చొక్కా లేదు!"

మాస్టారు మెషిన్ ఆపారు. "ఆది ప్రకారమే కుట్టాను."

"ఆది పెరుగుతుందా? పిల్ల పెరుగుతుంది గానీ! ఇక చాలు, దీన్ని నాతో తీసుకెళ్తాను. అక్క ఉన్నంతకాలం వేరు. ఇప్పుడు మీకూ దీనికీ ఏం చుట్టరికమని?"

మాస్టారు చేతిలో ఉన్న దారాన్ని వేలికి చుట్టారు, విప్పారు, మళ్ళీ చుట్టారు.

"మీరు తీసుకెళ్తానంటే నేను అడ్డం చెప్పను. చెప్పడానికి నా దగ్గర మాట లేదు" అన్నారు.

పిన్ని మంచిది. వాళ్ళింట్లో ముగ్గురమ్మాయిలు ఒకే పరుపు మీద వరసగా పడుకుంటారు. నాకూ చోటిస్తారు. కానీ ఎవరైనా వస్తే "మా అక్క కూతురు, పాపం" అని చెబుతారు. ఇక్కడ నన్నెవరూ పాపం అనరు. ఇక్కడ ఎవరూ మాట్లాడకపోయినా, అమ్మ లేదన్న సంగతి ఇద్దరికీ తెలుసు.

"నిలబడ్డావేం? ఆ చొక్కా మార్చుకుని బట్టలు సర్దుకో" అంది పిన్ని.

మార్చుకుని వచ్చి చిరిగిన చొక్కా పిన్నికిచ్చాను. కుట్టడానికి పనికొస్తుందేమోనని తను తిరగేసి చూసింది. లోపల కుట్టు పొడవునా రెండు వేళ్ళ వెడల్పున బట్ట మడిచి ఉంది. రెండు పక్కలా ఉంది. చేతుల దగ్గర, అంచు దగ్గర కూడా ఉంది. పిన్ని ఆ మడతని వేళ్ళతో పట్టుకుని మాస్టారి వైపు చూసింది.

"బిగుతైందని చెబితే విప్పి వదులు చేద్దామని వదిలాను" అన్నారాయన. "చెప్పలేదు. ఆడపిల్లని నేనెలా అడగను?"

"నేనే చెప్పలేదు పిన్నీ!"

అంత గట్టిగా అరిచింది నేనేనా అని భయమేసింది. పిన్ని మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

"దొందూ దొందే. ఇద్దరికీ కలిపి ఒక్క నోరైనా లేదు" అని నవ్వింది. ఆ వెంటనే కొంగుతో ముక్కు తుడుచుకుంది. "సరే, నువ్వే చెప్పు. వస్తావా, ఉంటావా?"

ఇద్దరూ నావైపు చూస్తున్నారు.

"పరీక్షలున్నాయి" అన్నాను.

"అడిగిందేంటి, నువ్వు చెప్పేదేంటి?"

"ఇప్పుడు బడి మారితే కష్టం. పరీక్షలయ్యేదాకా ఇక్కడే ఉంటాను."

"అయ్యాక?"

నేను చిరిగిన చొక్కా పిన్ని చేతిలోంచి తీసుకుని మాస్టారి మెషిన్ పక్కన పెట్టాను.

పిన్ని అయిదింటి బస్సుకి బయల్దేరింది. గుమ్మంలో నన్ను గట్టిగా దగ్గరికి తీసుకుంది. నేనూ పట్టుకుందామనుకున్నాను, కానీ చేతులు లేవలేదు. వెనకనుంచి చూస్తే పిన్ని నడక అచ్చం అమ్మ నడకే. మలుపు దాకా అమ్మే వెళ్తున్నట్టుంది. తర్వాత వీధిలో ఎవరూ లేరు. ఉంటానన్నది నేనే. అయినా నన్నే వదిలేసి వెళ్ళినట్టనిపించింది.

లోపలికొచ్చేసరికి మాస్టారు నా చొక్కా కుట్లు విప్పుతున్నారు.

"పరీక్షలెప్పుడు?" అన్నారు తలెత్తకుండా.

"ఇంకా అయిదు నెలలుంది."

"అయిదు నెలలు" అని తనలో తను అనుకున్నారు. సూదిలో దారం ఎక్కించబోయారు, ఎక్కలేదు. దారం కొస తడి చేసి మళ్ళీ చూశారు.

"ఆ తర్వాత పైక్లాసులుంటాయి. వాటికీ పరీక్షలుంటాయి" అన్నాను.

"అలాగా. ఎన్నేళ్ళు?"

"చాలా ఏళ్ళు."

"ఊఁ" అన్నారు. దారం ఎక్కింది.

నేను కొట్లోనే, బేరాలకొచ్చేవాళ్ళు కూర్చునే స్టూలు మీద కూర్చున్నాను. ఇంకేమైనా అడుగుతారేమోనని పొద్దుగూకేదాకా చూశాను. చీకట్లో ఆయనకి కుట్టు కనబడటం లేదని లేచి లైటు వేశాను.